సుగుణమ్మ ఆల్బమ్, నేను కోసిన ఊపిరి

మా ఇంటి గేటు ఇరవై ఏండ్లు కూసింది. పోయిన నెల మా అల్లుడు వచ్చి, నన్ను అడగకుండా, కీలుకు గ్రీజు పూసి పోయిండు. మంచి పిల్లగాడే, మనసులో ఏం లేదు. కానీ ఇప్పుడు ఎవరు వచ్చిండ్రో తెలుస్తలేదు. పాలాయన తీస్తే కుయ్యిమని ఒక్కసారి అనేది. మా ఆవిడ తీస్తే రెండు ముక్కల్లో అనేది, ఎందుకంటే ఆమె సగం తీసి, నన్ను ఏదో ఒకటి అని, మిగతా సగం తీస్తది. పక్కింటాయన పేపర్ కోసం వస్తే అసలు చప్పుడే కాకపోయేది. చప్పుడు కాకపోవడమే ఆయన గుర్తు. ఇప్పుడు అందరూ పక్కింటాయన లెక్కనే వస్తున్నరు.

అల్లునికి ఏం చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు. ముప్పై నాలుగేండ్లు నేను చేసింది గూడ అదే పని. జీతం తీసుకొని చేసిన, అంతే తేడా.

నేను సౌండ్ రికార్డిస్టును. హైదరాబాద్‌లో రెండు మూడు స్టూడియోల్లో అద్దం వెనక కూర్చున్న. ఇప్పుడు మొయినాబాద్‌లో వరండాలో కూర్చుంటున్న. అప్పుడప్పుడు గండిపేట దిక్కు కాలేజీల నుంచి ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చి, "అంకుల్, ఈ లైన్‌లోకి రావాలనుకుంటున్నం, ఏ మైకు కొనాలె?" అని అడుగుతరు. ఏ మైకైనా కొనుండ్రి. మైకుతోని చెడిపోయిన పాటను నేను ఇంతవరకు చూడలేదు. మనుషులతోని చెడిపోయినవి చూసిన. కొన్ని నా చేతులతోనే చెడగొట్టిన. చెప్పేదేమన్న ఉంటే అదే.

చీరల మడతలు

మా మొదటి ఓనరుది బట్టల వ్యాపారం. చేవెళ్లలో వాళ్ల నాయన దుకాణం. ఈయన సిటీకి వచ్చి, చీరల కన్నా భక్తి క్యాసెట్లు తొందరగా పోతున్నయని కనిపెట్టి, దుకాణం వెనక గోడౌన్‌లో గోడలకు పరుపులు కొట్టించి, దాన్ని స్టూడియో అన్నడు. సంగీతం ఆయనకు తెల్వదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, అది పెద్ద గుణం. తర్వాత సంగీతం తెల్సిన ఓనర్ల దగ్గర గూడ చేసిన కాబట్టి చెప్తున్న.

నేను చేరిన మొదటి వారం ఒక భక్తి పాట రికార్డు చేసి వినిపించిన. ఆయన కండ్లు మూసుకొని విన్నడు. చీర పోగు చూసేటప్పుడు గూడ అట్లనే మూసుకుంటడు.

"మధ్య మధ్యల హుస్ హుస్ అంటున్నదేంది?"

"ఊపిరి సార్."

"అది పాటల ఉన్నదా?"

"లేదు సార్."

"మరి కస్టమర్‌కు ఎందుకు ఇస్తున్నం?"

నేను బీఎస్సీ ఫిజిక్స్. ఈ ప్రశ్న సిలబస్‌లో లేదు. ధ్వని ప్రయాణం చేయాలంటే మాధ్యమం కావాలె అని చదివిన. ఆ మాధ్యమం గాలి అని గూడ చదివిన. అయినా ఆ రోజు నుంచి గాలిని తీసేసుకుంట బతికిన. పద్ధతి చెప్త. టేపు తిరుగుతుంటది. పాడినామె ఊపిరి పీల్చే చోట, సరిగ్గా ఆ ముక్క వరకే, గొంతు ఉన్న ట్రాకు మీద రికార్డు బటన్ నొక్కి వదలాలె. అక్కడ ఖాళీ పడ్తది. వేలు జర ఆలస్యమైతే తర్వాతి మాట సగం పోతది. పోయింది మళ్ల రాదు. నా వేలు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఆ రోజుల్లో అది గొప్ప. "ఆయన దగ్గర పాడితే అసలు దమ్ము తీసుకున్నట్టే ఉండదు" అని సిటీలో నా పేరు. వేల మందిని రికార్డు చేసిన. ఒక్కరు గూడ ఊపిరి పీల్చలేదు.

రెండో పాఠం ఇంక గట్టిది. పాట పూర్తయినంక, పాడినయన్నీ చెరిపేసి, పక్కా అయిన ఒక్కటే ఉంచాలె. ఆయన లెక్క గిట్ల ఉంటది: చీర అమ్ముడు పోయినంక, కస్టమర్ ముందట విప్పిన మిగతా చీరలన్నీ మడత పెట్టి లోపల పెట్టాలె. లేకుంటే ఆమె మళ్ల వెనక్కి తిరిగి చూస్తది, అది కాదు ఇది అంటది. అందుకని రోజూ పొద్దుమూకే ముందు వచ్చి ఒకటే మాట అడిగేటోడు. "మడతలు వేసినవా?" వేసిన సార్ అంటే, అంతా చెరిపేసిన అని అర్థం. ఆయన పోయి పదిహేనేండ్లాయె. టేపు పోయి కంప్యూటర్ వచ్చింది. నేను మాత్రం ప్రతి పని అయినంక మడతలు వేసుకుంటనే ఉన్న.

అద్దం వెనక అబద్ధాలు

ఈ వృత్తిలో ఎక్కువ వాడే మాట "ఇంకోసారి". దాన్ని అనే పద్ధతిని బట్టే మీ బతుకు నడుస్తది. పాడినామె చివరి అక్షరం వదిలి అద్దంలోంచి మీ దిక్కు చూస్తది. మీరు రెండు సెకండ్లు ఆగి మాట్లాడితే ఆమె సగం చచ్చిపోతది. వెంటనే "అద్భుతం" అంటే నమ్మదు. మధ్యలో ఒక చోటున్నది, అది దొరకడానికి నాకు ఎనిమిదేండ్లు పట్టింది.

తబలా ఆయన శ్రుతి చేసుకుంటుంటే తొందర పెట్టొద్దు, ఆయన ఇంట్ల గూడ ఎవరూ తొందర పెట్టరు. హెడ్‌ఫోన్‌లో నా గొంతు సరిగ్గ వస్తలేదు అన్నోళ్లకు వాల్యూమ్ తిప్పినట్టు చేసి, "ఇప్పుడు?" అనాలె. పది మందిలో తొమ్మిది మంది "ఇప్పుడు మంచిగున్నది" అంటరు. పదో ఆమె నిజంగ పాడగలది, ఆమెకు మాత్రం నిజంగనే తిప్పుండ్రి.

నా తప్పు ఒకటి చెప్త. సిటీలో బాగ పేరున్న పెద్దాయన ఒకరోజు ఆరు నిమిషాల పద్యం ఒకే దమ్ముకు పాడిండు. (నా దగ్గర కాబట్టి దమ్ము లేకుండనే అనుకోండి.) పాడి చెమట తుడుచుకుంటున్నడు. నేను చూసుకుంటే రికార్డు బటన్ నొక్కలేదు. "మహాద్భుతం సార్, ఎందుకైనా మంచిది, ఇంకొకటి తీసుకుందాం" అన్న. ఈ వాక్యం మా వృత్తిలో అందరికీ వచ్చు, ఎవరూ నేర్పరు. ఆయన నవ్వి, "బటన్ మర్చిపోయినవా బిడ్డా" అన్నడు. రెండోది పాడిండు. ఎవరికీ చెప్పలేదు. నేను ఆయన్ను మరిచిపోలేదు, బటన్‌ను గూడ మరిచిపోలేదు. పెద్ద సాంకేతిక శిక్షణ నాకు అయ్యింది అదొక్కటే.

రైట్, హోల్డాన్

రిటైరై మూడేండ్లయినంక సుగుణమ్మ వచ్చింది. ముడిమ్యాల మనిషి, చేవెళ్ల రూట్‌లో బస్సు కండక్టర్. నలభై ఆరేండ్లుంటయి. వాళ్ల అన్న దేవదానం ఊరి చర్చిలో పాటల గ్రూపు నడుపుతడు. ఇరవై ఏండ్ల నుంచి ఆ గ్రూపులో ఆమెది రెండో గొంతు. అంటే అన్న పాడినంక వెనక నుంచి పాడుడు. ఆల్బమ్ కవర్ల మీద గూడ అన్న ముందట, ఆమె వెనక వరుసలో, సగం ముఖం.

"సార్, మీరు రికార్డింగ్ చేస్తరట గదా."

"చేసేటోణ్ని."

"నాకు ఇరవై రోజులున్నది. నా పాటలు పది ఉన్నయి. నేనే రాసిన, నేనే పాడుత."

"ఇరవై రోజులేంది? తర్వాత?"

ఆమె చీర కొంగు జర జరిపి గొంతు చూపించింది. కింద నిమ్మకాయంత గడ్డ. "ఆపరేషన్. గొంతు నరం పక్కనే ఉన్నదట. టికెట్ టికెట్ అనొచ్చునా సార్ అని డాక్టర్‌ను అడిగిన. అనొచ్చమ్మా అన్నడు. మరి పాట అన్న. ఆయన పెన్నుకు మూత పెట్టిండు."

ఆమె వెంట చేవెళ్లలో బండ్ల మెకానిక్ సామేలు వచ్చిండు. గిటార్ ఒళ్లో పండబెట్టి, స్పార్క్ ప్లగ్గు విప్పే ఇనుప గొట్టంతోని తీగల మీద జారుస్తడు. అది ఏడ్చినట్టు ఉంటది, కానీ మర్యాదగ ఏడ్చినట్టు. ఫోన్లో అమెరికా పాటలు విని నేర్చుకున్నడట.

"దీన్ని ఆల్టర్నేటివ్ కంట్రీ అంటరు సార్" అన్నడు.

"కంట్రీ అంటే?"

"పల్లెటూరోళ్ల పాటలు."

"మరి ఆల్టర్నేటివ్?"

"పల్లెటూరోళ్లు గూడ వినరు సార్."

అన్న ఏమన్నడని అడిగిన. సుగుణమ్మ నవ్వింది. "దేవుని పాటలు పాడిన నోటితోని బస్సు పాటలేందే చెల్లె అన్నడు. దేవుడేం బస్సెక్కడా, అన్నా, అని నేనన్న. అప్పటి నుంచి మాట్లాడుతలేడు. అయినా ఆపరేషన్‌కు తీస్కపోయేది ఆయనే, కారు మాట్లాడిండు."

తెలిసినాయన ఫామ్‌హౌస్ కనకమామిడిలో ఉన్నది, ఆయన ఎప్పుడూ ఉండడు. ఆమె లీవు పెట్టింది. నాలుగు రోజుల్లో పది పాటలు. ప్రతి పాటకు ముందు సామేలు దిక్కు చూసి మెల్లగ "రైట్" అనేది. అతను ఎత్తుకునేటోడు. పాట అయిపోంగనే "హోల్డాన్" అనేది, అతను ఆగేటోడు. అలవాటు. ట్రిప్ షీట్ల వెనక రాసుకున్న పాటలు, చెమటకు అక్షరాలు అలుక్కుపోయినయి. ఒకటి గిట్ల ఉంటది:

ముందుకు జరగుండ్రి అనుకుంట
ఇరవై ఏండ్లు
వెనకాలనే నిలబడ్డ

ఇంకోటి, చేను అమ్ముకొని అదే చేన్లో వాచ్‌మన్‌గ చేరిన ముసలాయన మీద:

నా చెలకకు నేనే కావలి
ఎవరి మనిషివని నన్నే అడుగుతరు

ఆ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ గూడ అట్లాంటాయనే. కిటికీ బయట నిలబడి పాటంతా విన్నడు. నేను ఆయన కండ్లు తుడుచుకుంటడేమో అనుకున్న.

"పాటల రెండెకరాలు అన్నవు బిడ్డా. నాది మూడెకరాల పన్నెండు గుంటలు."

"రాగంల పట్టది బాపు" అన్నది సుగుణమ్మ.

"ఎందుకు పట్టది? చెలకలనే పట్టింది."

కరెంటు రాంగనే బోరు మోటరు దానంతటదే మొదలయ్యేది. నెమళ్లు సరిగ్గ పల్లవి మధ్యలో అరిచేటియి. నేను అద్దం లేని చోట కూర్చొని, ఇవన్నీ తర్వాత తీసేయొచ్చులే అనుకుంట, నా జీవితంలో విన్న మంచి గొంతుల్లో ఒకదాన్ని రికార్డు చేసిన. అప్పుడు ఆ సంగతి నాకు తెల్వదు. నెమళ్ల మీదనే ధ్యాస ఉండె.

శుభ్రం

తర్వాత పదకొండు రోజులు పని చేసిన. మనసు పెట్టి చేసిన, అదే బాధ. సోమరిగ చేసుంటే ఈ కథ ఉండకపోవు. మోటరు తీసేసిన. నెమళ్లను తీసేసిన. రైట్‌లు, హోల్డాన్‌లు తీసేసిన. ఊపిర్లయితే ఒకటొకటిగ, మా ఓనరు పైనుంచి చూస్తున్నట్టు తీసేసిన. ఇప్పుడు కంప్యూటర్‌లో శ్రుతి సరిచేసే సాధనం గూడ ఉన్నది, గొంతు జర కిందికి జారిన చోటల్లా పైకి లేపిన. చివరికి పది పాటలు ఇస్త్రీ చేసిన చీరల లెక్క తయారైనయి.

ఆ సాయంత్రం కంప్యూటర్ జాగా లేదు అన్నది. నేను కనకమామిడిలో పాడినయన్నీ ఎంచి, తీసేసి, చెత్తబుట్ట గూడ ఖాళీ చేసిన. మడతలు వేసిన. చేతులు కడుక్కొని అన్నం తిన్న. కడుపు నిండ తిన్న అని గూడ రాస్తున్న, ఎందుకంటే పెద్ద తప్పు చేసిన రోజు ఆకలి ఉండదని పుస్తకాల్లో రాస్తరు.

ఆపరేషన్ ముందు రోజు సుగుణమ్మ మా ఇంటికి వచ్చింది. సాయంత్రం ఆరింటికి దవాఖానలో చేరాలె. చేతిలో బట్టల సంచి, ఫ్లాస్కు. వింట, విని పోత అన్నది. హెడ్‌ఫోన్ పెట్టిన. మూడు పాటలు కదలకుండ విన్నది. నేను అద్దం వెనక మనిషిని కాబట్టి ముఖాలు చదవడం వచ్చనుకుంట. ఆమె ముఖంలో ఏమీ లేదు.

హెడ్‌ఫోన్ తీసింది. "బాగ పాడింది సార్. ఎవరామె?"

"నువ్వే."

"నేను కాదు. ఈమెకు మస్తు ఓపిక ఉన్నది, ఎక్కడ గూడ ఆగలేదు. నేనైతే 'ఇరవై ఏండ్లు' అన్నంక ఊపిరి తీస్కుంట. తీస్కోకుంటే 'వెనకాలనే' అననీకి రాదు నాకు. ఆడ ఆగబట్టే అది పాట అయింది." హెడ్‌ఫోన్ నా చేతికిచ్చింది. "సరే, మీ పద్ధతి అది. మరి నాది పెట్టుండ్రి."

"నీది?"

"నేను పాడింది. కనకమామిడిల."

"మహాద్భుతం, ఇంకొకటి తీసుకుందాం" అనే వాక్యం నాలుక చివరి దాకా వచ్చింది, సిగ్గు లేకుండ. మింగిన.

"లేదు సుగుణమ్మ. తీసేసిన."

"అంతనా?"

"అంత."

రేపు పొద్దున గొంతు కోస్తరు ఆమెకు. ఆ గొంతు ఉన్నది ఆ ఒక్క చోట, నేను దాన్ని జాగా కోసం తీసేసిన. ఆమె గోడ గడియారం చూసింది. బస్సు లేటైతే కండక్టర్లు అట్లనే చూస్తరు.

"ఒకటిన్నర అయింది. సామేలుకు ఫోన్ చేయుండ్రి."

ఆ మధ్యాహ్నం

సామేలు చేతులకు ఆయిల్ మరకలతోనే వచ్చిండు. మా వెనక గదిలో బియ్యం బస్తాలు పక్కకు జరిపి, ఇద్దరికీ కలిపి ఒకటే మైకు పెట్టిన. విడివిడిగ తీసుకుంటే మళ్ల నా చేతులు ఊరుకోవు, నాకు నా మీద నమ్మకం పోయింది. మా ఆవిడను కుక్కర్ పెట్టొద్దన్న. "మరి ఏం తింటరు?" అన్నది. అది గూడ రికార్డయింది.

"రైట్" అన్నది సుగుణమ్మ.

పల్లవి మధ్యలో దగ్గింది, ఆగలేదు. పక్క వీధిలో బండి పోయింది, ఆగలేదు. నేను "ఇంకోసారి" అననే లేదు. అనడానికి టైం లేదు. పిల్లలకు ఒకటి చెప్త: టైం లేకపోవడం మంచి గురువే, కానీ దాని ఫీజు ఎవరో ఒకరు కడ్తరు. ఆ రోజు ఆమె కట్టింది. మూడో పాటకు గొంతు వేడెక్కింది, ఆరో పాటకు అలసిపోవడం మొదలైంది. పైన స్వరం అందుకునే చోట అంచు చీలుతున్నది. కనకమామిడిలో అది చీలలేదు. నాకు తెలుసు. ఆమెకు గూడ తెలుసు. పాడుకుంటనే పోయింది.

నాలుగున్నరకు దేవదానం కారు తీసుకొని వచ్చిండు. గుమ్మంలో నిలబడి, "చెల్లె, ట్రాఫిక్ ఉంటది, పోదాం" అన్నడు. ఆమె చేయి చూపించింది, నిలబడమని. ఏడో పాట నడుస్తున్నది, వెనకాలనే నిలబడ్డ పాట. ఆయన చెప్పులు విడిచి గోడకు ఆనుకున్నడు. మొదటిసారి విన్నడు. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు, ఎవరూ పిలువకుండ, వెనక నుంచి, మైకుకు దూరంగ, మెల్లగ రెండో గొంతు అందుకున్నడు. ఇరవై ఏండ్లు ముందట నిలబడ్డ మనిషి. జర శ్రుతి తప్పింది, అలవాటు లేదు గదా. సుగుణమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. "హోల్డాన్" అన్నప్పుడు ఇద్దరూ ఆగిండ్రు.

"రెండో గొంతు అంత అల్కగ ఉండది అన్న" అన్నది.

"తెలుస్తున్నది" అన్నడు దేవదానం. "ఫ్లాస్కుల వేడి నీళ్లున్నయా?"

తొమ్మిది పాటలయినయి. పదోది ఎత్తుకుంటే గొంతు రాలేదు. అది నేను ఇస్త్రీ చేసినదాంట్లో మాత్రమే ఉన్నది, పెడుదామా అని అడిగిన. "వద్దు సార్. అది ఆమెకే ఉండనియ్యుండ్రి" అని సంచి తీసుకొని కారెక్కింది.

చేతులు కట్టుకొని

ఆ తొమ్మిదింటి మీద నేను చేసిన పని ఏమీ లేదు. రాత్రికి రాత్రే మూడు చోట్ల దాచిన, ఒకటి మా అల్లుని దగ్గర. దగ్గు ఉన్నది. మా ఆవిడ ప్రశ్న ఉన్నది. ఊపిర్లన్నీ ఉన్నయి. సామేలు దాన్ని ఫోన్లలోకి ఎక్కించిండు. కవర్ మీద సుగుణమ్మ బస్సు మెట్టు మీద నిలబడ్డది, ముఖం పూర్తిగ కనిపిస్తది. గండిపేట పిల్లలు కొందరు వచ్చి, "అంకుల్, ఆ రఫ్‌నెస్ ఎట్ల తెచ్చిండ్రు, కంప్యూటర్‌లో ఏ ప్లగిన్ పెట్టిండ్రు?" అని అడిగిండ్రు. నేను గంభీరంగ తల ఊపిన. మెచ్చుకుంటుంటే ఊపకుండ ఉండడం కష్టం. నెల రోజుల్లో ఈ కథను నేను చెప్పే పద్ధతి గూడ మారింది: తప్పు చేసిన, తప్పులోంచి నిజమైన ఆల్బమ్ పుట్టింది, ఏది జరిగినా మంచికే. వినేటోళ్లకు నచ్చేది. నాకు ఇంక ఎక్కువ నచ్చేది.

ఆపరేషనై మూడు నెలలకు సుగుణమ్మ వచ్చింది. గడ్డ మంచిదేనట, భయం లేదు. మళ్ల డ్యూటీ ఎక్కింది. గొంతు మాత్రం కాగితం నలిపినట్టున్నది. కింద స్వరాలు వస్తున్నయి, పైనయి రావట. వస్తయేమో ఏడాది చూద్దాం అన్నడట డాక్టర్, మళ్ల పెన్నుకు మూత పెట్టి.

ఆల్బమ్ మొత్తం ఆమె ఇంతవరకు ఒక్కసారి గూడ వినలేదట. వరండాలో కూర్చోబెట్టి పెట్టిన. తొమ్మిది పాటలూ విన్నది. అన్న గొంతు వచ్చిన కాడ జర నవ్వింది. అయిపోయినంక నేను ఊరుకోలేదు. ఒక్కటి గూడ ముట్టలేదు సుగుణమ్మ, ఇన్నేండ్లకు నేర్చుకున్న, ఇదే నా చేతుల మీదుగ వచ్చిన మంచి పని, ఆ రోజు అది పోబట్టే గదా ఇది వచ్చింది అన్న.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఒక్కొక్క మాట విడదీసి, మెల్లగ అన్నది.

"ఇది గూడ మంచిగనే ఉన్నది సార్. కానీ మీరు తీసేసిందే బాగుండె."